ఎర్రగుడ్డ విప్పిన చెయ్యి

"తలుపులు తియ్యండి! అటువైపువి కూడా! పక్క తెరలు ఎత్తండి!"

అంటక్క అరుపుకి నర్సరీ షెడ్డులో ఉన్నవాళ్లంతా చేతిలో పని అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చారు. పాలీహౌస్ లోపల, క్యాప్సికం వరుసల మధ్య, ట్రైనీలు ఎక్కడివాళ్లక్కడ కూలిపోయి ఉన్నారు. ఒకడు మోకాళ్ల మీద పడి పేగులు తెగేలా వాంతి చేసుకుంటున్నాడు. ఇంకొకడు దారెటో తెలియక ప్లాస్టిక్ గోడని గోళ్లతో గీకుతున్నాడు. క్రేట్లు దొర్లిపడి, ఎర్రటి కాయలూ పచ్చటి కాయలూ కాళ్ల కింద నలుగుతున్నాయి.

అంటక్క తువ్వాలుని నీళ్లతొట్టిలో ముంచి, ముక్కుకీ నోటికీ బిగించుకుని లోపలికి దూకింది. చేతికందినవాళ్లని చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చింది. ఆఖరి వరుస చివర, మొక్కలకి ఆసరాగా కట్టిన తాళ్లలో చిక్కుకుని మైకు కనిపించింది.

మైకంటే మనిషే. ఆ పిల్ల నోరు విప్పితే ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడుతుందని తోటి ట్రైనీలు పెట్టిన పేరు. నిన్న భోజనాల దగ్గర, "అక్కా, మీరు కట్టిన అంట్లన్నీ అతుక్కున్నాయి గానీ నా పరీక్ష మార్కులే అతుక్కోలేదు!" అని అరిచి గదినంతా నవ్వించింది. ఇప్పుడు ఆ నోటి వెంట నురగ వస్తోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కనుపాపలు మాత్రం సూదిమొనల్లా చిన్నవైపోయాయి.

"మిమ్మల్ని లోపలికి ఎవరు వెళ్లమన్నార్రా?" వాంతి చేసుకుంటున్నవాడి భుజం పట్టి కుదిపింది అంటక్క.

"గుడ్డ లేదక్కా." వాడికి ఊపిరి అందడం లేదు. "బోర్డు మీద పాలీహౌస్ కోత అని ఉంది. వచ్చి చూశాం. తలుపుకి గుడ్డ లేదు. అందుకే..."

అంటక్క తలుపు గడియ వైపు చూసింది. ఖాళీగా ఉంది.

"వ్యాను తీసుకురండి! ఎవరైనా వ్యాను తియ్యండి!"

"వ్యానెక్కడిదక్కా? కొరియరువాళ్లకి అద్దెకిచ్చేశారుగా," అని ఎవరో ఏడుపు గొంతుతో గుర్తు చేశారు.

స్టీరింగు అప్పటికే ట్రాక్టరు వెనక్కి తిప్పుతున్నాడు. కౌలు చేసి నష్టపోయి, ముప్పయ్యేళ్లు దాటాక ట్రాక్టరు డ్రైవింగు నేర్చుకుందామని వచ్చిన ట్రైనీ అతను. పేడ తోలే ట్రాలీలో గోనెపట్టాలు పరిచి, మైకునీ, తెలివి తప్పిన మిగతా వాళ్లనీ పడుకోబెట్టారు. వాళ్ల తలలు ఒళ్లో పెట్టుకుని తోటివాళ్లు కూర్చున్నారు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఆ తలలు ఎగిరెగిరి పడుతుంటే, ట్రాలీ మలుపు తిరిగేదాకా అంటక్క అలా చూస్తూనే నిలబడింది.

ఆమెకి ఒక సొంత పేరుంది. అది జీతాల గుమాస్తాకి కూడా గుర్తులేదు. చెట్టుకి చెట్టు అంటుకట్టడం నేర్పుతుంది కాబట్టి అందరికీ అంటక్క. ఈ కేంద్రంలోనే నేర్చుకుని, ఇక్కడే నేర్పుతూ సగం జీవితం గడిపేసింది.

ఏడాది కిందటి దాకా ఇది ప్రభుత్వ వ్యవసాయ శిక్షణ కేంద్రం. సెంటు భూమి లేని కూలీల పిల్లలు, కౌలు చేసి చితికిపోయినవాళ్లు వచ్చి పని నేర్చుకునేవారు. భోజనం పెట్టి, చేతిఖర్చులకి కాస్త ఇచ్చి నేర్పేవాళ్లు. పండిన కాయ హాస్టలు వంటకి పోను మిగిలింది ప్రభుత్వాసుపత్రికి వెళ్లేది. ఒకరోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి ఇది స్వతంత్ర వాణిజ్య సంస్థ, మీ కాళ్ల మీద మీరు నిలబడండి అన్నారు. అలా అన్నవాళ్లే ముందు కాళ్లు తీసేశారు. గ్రాంటు ఆగింది. వ్యాను అద్దెకి పోయింది. చేతిఖర్చు పోయి ఫీజు వచ్చింది. మాస్టార్లంతా కాంట్రాక్టు మనుషులయ్యారు. ఎరువుల కంపెనీలో సరుకు అమ్మిన పెద్దమనిషి డైరెక్టరై వచ్చాడు. ట్రైనీలు కోసే ప్రతి కాయా ఒక సూపర్‌మార్కెట్టుకి ఒప్పందం అయిపోయింది. కోతకి కూలి లేదు, ఎందుకంటే దానికి ప్రాక్టికల్ అని పేరు పెట్టారు.

ఇన్ని మారినా ఒక్క పద్ధతి మారలేదు. బోర్డు ఎక్కడికి వెళ్లాలో చెప్తుంది, గుడ్డ వెళ్లొచ్చో లేదో చెప్తుంది. పురుగుమందు కొట్టిన మాస్టారు తలుపుకి ఎర్రగుడ్డ కడతాడు. విషం దిగిపోయిందని తేల్చుకున్నాక తన చేత్తోనే విప్పుతాడు. కట్టిన చెయ్యే విప్పాలి. డైరెక్టరొచ్చినా, మంత్రొచ్చినా ఇంకొకరు ముట్టుకోకూడదు. కేంద్రంలో చేరిన మొదటి రోజే చెప్పే మొదటి పాఠం అది. పాఠం ఎంత బాగా వంటబట్టిందంటే, గుడ్డ లేకపోతే లోపల గాలి మంచిదేనని ట్రైనీలు కళ్లుమూసుకుని నమ్ముతారు. ఒకరినీ అడగరు. ఈ కొత్త మందుకి పెద్దగా వాసన కూడా లేదు.

నేర్పింది మనమే. అంటక్క తలలో ఆ మాట ఒక్కటే తిరుగుతోంది.

"గుడ్డేది? నేను కట్టిన గుడ్డేది?"

మందు మాస్టారు రొప్పుకుంటూ వచ్చాడు. పురుగుమందుల పాఠం చెప్పే ఆయనకి ఆ పేరు పెట్టింది కూడా ట్రైనీలే. పెళ్లిలో సోడా తాగడానికి కూడా వెనకాడే మనిషిని అలా పిలవడం వాళ్లకో సరదా. ఈ ఏడాదితో రిటైరు కావాలి. తెల్లవారుతుండగానే మందు కొట్టి, ఇంటికెళ్లి స్నానం చేసి, ఈ గోల విని తడితలతోనే వచ్చేశాడు.

"కట్టానమ్మా. కొట్టగానే కట్టాను. కట్టకుండా ఏనాడైనా కదిలానా?" తలుపు గడియని తడుముతున్నాడు, గుడ్డ దానిలో దాక్కున్నట్టు.

"కట్టారు మాస్టారూ. మీరు కూర్చోండి ముందు."

చేతులకంటిన మందు కడుక్కోవడానికి అంటక్క పక్కనున్న పంపు గదిలోకి వెళ్లింది. మోటారు పైనున్న గూట్లో, పానాల డబ్బా వెనక, ఎర్రగా ఏదో కనిపించింది. లాగింది.

గుడ్డే. చింపింది కాదు, కోసింది కాదు. తీరిగ్గా ముడి విప్పి, నాలుగు మడతలు వేసి, చివరి అంచుని లోపలికి దోపి పెట్టిన గుడ్డ.

 అంటక్క దాన్ని మోటారు మీద పెట్టి, మడతని వేలితో తడిమింది.

ఆ మడత లోకంలో ఇద్దరికే వచ్చు. వాళ్లమ్మ ఇస్త్రీబండి పెట్టి ఇద్దర్ని పెంచింది. గాలికి బట్ట విచ్చుకోకుండా చివరి అంచు అలా లోపలికి దోపేది. పిల్లలిద్దరికీ చేతుల్లోకి వచ్చేసింది. ఇప్పటికీ చేతిరుమాలైనా, మసిగుడ్డైనా అలా మడవకుండా కింద పెట్టలేరు. ఆ ఇద్దరిలో ఒకరు తను. ఇంకొకరు తన అన్న.

కిందటేడు దాకా అన్న కూడా మాస్టారే. కొత్త సంస్థలో ప్రొడక్షన్ మేనేజరు అయ్యాడు.

గుడ్డని గబగబా జాకెట్లో దోపుకుని బయటికొచ్చింది. ఎందుకు దాచుకుందో ఆ క్షణంలో ఆమెకే తెలియదు. తెలిసినా ఒప్పుకునే ధైర్యం లేదు.

*

గేటు దగ్గర కేకలు మొదలయ్యాయి. సూపర్‌మార్కెట్టు లారీ బయల్దేరబోతుంటే ట్రైనీలు దాని ముందు కూర్చున్నారు. మనుషుల్ని ట్రాలీలోకి ఎక్కించే గందరగోళంలో, పాలీహౌస్ బయట పేర్చిన నిండు క్రేట్లని హమాలీలు లారీలోకి ఎక్కించేశారు. అది గమనించింది పాలపిన్ని. డెయిరీ నేర్పే ఆవిడ, పిడికిలి బిగిస్తే గేదె కూడా తల వంచుతుందని పేరు.

"ఇంజను ఆపరా నాయనా, లేకపోతే తాళాలు నా చేతికివ్వు. రెండింట్లో ఏది చేస్తావో చెయ్యి," అని డ్రైవరుకి చెప్పి బంపరుకి ఆనుకుని నిలబడింది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "నాకెందుకు పిన్నీ ఈ గొడవ? నేను బండి తోలేవాణ్ణి."

"మేమూ బండి లాగేవాళ్లమేరా. వచ్చి ఇలా కూర్చో."

డైరెక్టరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా నలగలేదు. చేతిలో ఫోను, ముఖం మీద విచారం రెండూ సిద్ధంగా ఉన్నాయి.

"చూడండి, నాకూ బాధగానే ఉంది. పిల్లలకి మంచి వైద్యం చేయిస్తాం. కానీ లారీకీ దీనికీ సంబంధమేంటి? అందులో ఉన్నది నిన్నటి కోత."

"నిన్నటిదా?" పాలపిన్ని గొంతు లేచింది. "ఇందాక మా కళ్లముందే ఎక్కించారు. నిన్నటిదైతే భయమెందుకు? ల్యాబువాళ్లొచ్చి పరీక్ష చేసేదాకా ఉండనివ్వండి. కాయ మీద మందు ఉందో లేదో కాయే చెప్తుంది."

డైరెక్టరు ముఖంలో విచారం కాసేపు సెలవు తీసుకుంది.

"లోడు తిరిగొస్తే ఒప్పందం పోతుంది. ఒప్పందం పోతే సంస్థ మూతపడుతుంది. మూతపడితే రోడ్డున పడేది నేను కాదు. ఆలోచించుకోండి," అనేసి తన గదిలోకి వెళ్లిపోయాడు.

మాట గురిచూసి వేశాడు. అది తగలాల్సినచోటే తగిలింది. గుమాస్తా లేచాడు. "లారీని వదిలేద్దామమ్మా. మన కాంట్రాక్టు కాగితాలు ఆయన టేబులు మీదే ఉన్నాయి. మన పొట్ట మనమే కొట్టుకుందామా?"

"మీ పొట్ట సరే సార్," అంది లారీ ముందు కూర్చున్న ఒక ట్రైనీ. "ఆ కాయలు ఎవరి పొట్టలోకి పోతున్నాయి?"

"నీకేమమ్మా, కోర్సు అయిపోతే పోతావు. నాకు ఇదే బతుకు."

"కోర్సుకి ఫీజు కట్టాను సార్, మా నాన్న ఆటో అమ్మేసి. మీకంటే ముందు నేనే రోడ్డున పడ్డాను. అందుకే రోడ్డు మీద కూర్చున్నాను, అలవాటవుతుందని."

కొందరు నవ్వారు. నవ్వినవాళ్లే మరుక్షణం తలలు దించుకున్నారు.  వాదన రెండుగా చీలింది. వదిలేద్దామనేవాళ్లు ఎక్కువవుతున్నారు. ఇంటి అద్దెలు, పిల్లల చదువులు, మంచంపట్టిన తల్లులు, ఒక్కొక్కరి వెనకా ఒక్కో భయం నిలబడి మాట్లాడిస్తోంది. ఇదంతా వింటున్న అంటక్కకి జాకెట్లోని గుడ్డ నిప్పులా తగులుతోంది.

అంతలో పోలీసు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగీ దిగగానే ఆఫీసులోకి వెళ్లాడు. బయటికొచ్చేసరికి నేరం ఎవరిదో తేల్చుకునే వచ్చాడు.

"మందు కొట్టిందెవరు?"

"నేనే సార్," అన్నాడు మందు మాస్టారు.

"గుర్తుగా గుడ్డ కట్టాలటగా. కట్టావా?"

"కట్టాను."

"అయితే ఏది?"

 ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. తగ్గించిన గొంతే ఎక్కువ భయపెట్టింది.

"పెద్దాయనా, వయసు మీద పడింది. తెల్లారగట్ట నిద్రమత్తు. మర్చిపోయి ఉంటావు. ఎవరికైనా జరుగుతుంది. గుర్తు తెచ్చుకో."

మాస్టారు తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. ముడి వేస్తున్నట్టు వేళ్లు గాలిలో కదిలాయి.

"కట్టాననే... అనుకుంటున్నాను," అన్నాడు. "రోజూ కట్టడం అలవాటు కదా. నిన్న కట్టింది ఇవాళ కట్టినట్టు గుర్తొస్తోందా ఏంటి?" అని అంటక్క వైపు తిరిగాడు. "అమ్మాయ్, నేను కట్టానంటావా? నా వల్లే ఆ పిల్లలు..."

ఆమెకి గుడ్డ ముడి మొదట నేర్పింది ఆ చేతులే. నోరు తెరిస్తే చాలు, ఆ మనిషిని ఆయనకి తిరిగి ఇచ్చేయొచ్చు. నోరు తెరిస్తే అన్న జైలుకెళ్తాడు. పైట లాగి జాకెట్టు మీద కప్పుకుంది.

మాస్టార్ని జీపు వైపు నడిపించారు. ఆయన ఎవర్నీ తిట్టలేదు, అరవలేదు. తనని తను నమ్మడం మానేసిన మనిషిలా, చెప్పినచోట కూర్చున్నాడు.

*

ప్యాకింగు గదిలో అన్న ఒక్కడే ఉన్నాడు. ఖాళీ అట్టపెట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. పేర్చినవాటినే తీసి మళ్లీ పేరుస్తున్నాడు.

అంటక్క తలుపు మూసి, గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

అన్న దాన్ని చూశాడు. చేతిలో పెట్టె జారింది.

"ఎక్కడ దొరికింది?"

"పంపు గదిలో. విసిరేసి ఉంటే నాకు తెలిసేది కాదు అన్నయ్యా. మడతపెట్టావు."

అతను పెట్టెల మీద కూలబడ్డాడు.  మాట్లాడటం మొదలుపెట్టాక ఆగలేదు.

"లారీ చెప్పినదానికంటే ముందే వచ్చేసింది. డైరెక్టరు ఫోను చేశాడు. ఇవాళే మందు కొట్టారు సార్, గుడ్డ కట్టుంది అన్నాను. గుడ్డే కదయ్యా, గోడ కాదుగా, విప్పెయ్ అన్నాడు. పోనీ తెరలైనా ఎత్తిస్తాను, గాలాడుతుందన్నాను. ఎత్తితే పురుగు వస్తుంది, కాయ మీద మచ్చ పడితే సరుకు వెనక్కొస్తుంది, వస్తే ముందు నిన్నే తీసేస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరే సార్ అన్నాను."

"అంతేనా?"

"అంతే. సరే సార్ అనడమేగా ఈ ఏడాదిగా చేస్తున్న ఉద్యోగం." నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగిపోయింది. "బోర్డు మీద కోత అని ఉంది. గుడ్డ విప్పితే చాలు, వాళ్లంతట వాళ్లే వెళ్తారని తెలుసు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని తెలుసు. కొంచెం తల తిరుగుతుంది, అంతకంటే ఏముంటుందిలే అనుకున్నాను."

"ఏమీ కాదనుకున్నావు కదా. మరి నువ్వెందుకు లోపలికి వెళ్లలేదు?"

 గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. అట్టపెట్టెల మీద అచ్చువేసిన ఎర్రటి క్యాప్సికం బొమ్మ నిగనిగలాడుతోంది.

"మాస్టార్ని జీపెక్కించారు," అంది.

"బెయిలొస్తుంది. రిటైరయ్యే మనిషి. ఆయనకి పోయేదేముంది?"

"తను కట్టలేదేమోనని అనుకుంటున్నాడు అన్నయ్యా. పిల్లలకి ఈ గతి తనే పట్టించానని అనుకుంటున్నాడు. అది పోయేది కాదా?"

"నాకూ ఇద్దరు పిల్లలున్నారు!" అన్న లేచాడు. గొంతు గదికి సరిపోనంత పెద్దదైంది, అంతలోనే భయపడి తగ్గింది. "చెప్తావా? వెళ్లి చెప్పు. మీ వదిన ముఖం చూసి చెప్పగలవేమో చూసుకో. అమ్మ పోయాక నిన్ను చదివించిందెవరు?"

"నువ్వే."

"ఇస్త్రీబండి తోసి, ఈ కేంద్రంలో నిన్ను చేర్పించిందెవరు?"

"నువ్వే అన్నయ్యా."

"మరి?"

అంటక్క గుడ్డ చేతిలోకి తీసుకుంది. తలుపు తీసుకుని వెళ్లిపోయింది. వెనక నుంచి అన్న పిలుస్తాడేమోనని మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. పిలవలేదు.

*

స్టీరింగు తిరిగొచ్చాడు. ఖాళీ ట్రాలీ గోల చేసుకుంటూ వచ్చి గేటు బయట ఆగింది. అతని పక్కన ఒక నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది. బస్టాండు ఊడ్చే పనివాళ్ల ముదురు ఆకుపచ్చ కోటు ఒంటి మీదే ఉంది. పని మధ్యలో నుంచి లేపుకొచ్చినట్టున్నారు.

అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు.

"మిగతావాళ్లు గండం గట్టెక్కారు," అన్నాడు స్టీరింగు. ఇంజను ఆపాడు. "మైకు పోయింది."

 లారీ ముందు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు. పాలపిన్ని కిందికి జారి బంపరు కింద కూలబడింది. ఇందాక వదిలేద్దామన్న గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ వచ్చి, ట్రైనీల పక్కన మట్టిలో కూర్చున్నాడు. అతని వెనక ఇంకొకరు. ఇంకొకరు. వంటవాళ్లు పొయ్యిలు ఆర్పి వచ్చారు. హమాలీలు కూడా భుజాల మీది గుడ్డలు కింద పరుచుకుని కూర్చున్నారు. డ్రైవరు తలుపు తెరుచుకుని దిగాడు.

మైకు తల్లి ట్రాక్టరు దిగింది. గుంపు మధ్యకి వచ్చి నిలబడింది.

"నా బిడ్డ ఏ పని చెప్పినా అడిగి చేసేది," అంది. ఏడవడం లేదు. "విషం ఉన్నచోటికి అడక్కుండా పోదు. పంపిందెవరో చెప్పండి. నాకింకేం వద్దు."

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. "అమ్మా, నిందితుణ్ణి పట్టుకున్నాం. అదిగో, జీపులో ఉన్నాడు. మీరు జరిగితే లారీ వెళ్తుంది, మేమూ వెళ్తాం." లాఠీలు పట్టుకున్న కానిస్టేబుళ్లకి కళ్లతో సైగ చేశాడు.

మైకు తల్లి జీపు వైపు చూసింది. లోపల మాస్టారు ఆమెకి రెండు చేతులూ జోడించి తల వంచాడు. చెయ్యని నేరానికి క్షమించమంటున్నాడు.

అంటక్క ఇక తట్టుకోలేకపోయింది. లారీ మెట్టు మీదికి ఎక్కింది. తలుపు ఊచ పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ పైకెత్తింది. మడత విప్పలేదు.

"మాస్టారూ! ఇటు చూడండి! మీరు కట్టారు! కట్టిన గుడ్డ ఇదిగో!"

జీపులో మాస్టారు తల పైకెత్తాడు.

"పంపు గదిలో దొరికింది. దొరికి చాలాసేపైంది. దాచుకున్నాను. ఎందుకంటే ఈ మడత ఎవరిదో నాకొక్కదానికే తెలుసు." గుడ్డని ఇంకా పైకెత్తింది.  "విప్పింది మా అన్న."

గుంపు ఒక్కసారిగా లేచింది. ప్యాకింగు గది మెట్ల మీద అన్న నిలబడి ఉన్నాడు, ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు. పారిపోలేదు. "పట్టుకోండి వాణ్ణి!" "తన్నండి!" అని చేతులు అటు ఉరికాయి. చొక్కా చిరిగింది. ఎవరిదో పిడికిలి చెంప మీద పడింది. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆఫీసు వరండాలోకి వచ్చిన డైరెక్టరు కూడా చూస్తున్నాడు. ఒక కూలిమనిషిని ఇంకో కూలిమనిషి కొడుతుంటే వాళ్లకి అడ్డుపడాల్సిన అవసరమేముంది?

"ఆగండి!" స్టీరింగు గుంపుని చీల్చుకుని అన్నకీ జనానికీ మధ్య నిలబడ్డాడు. "వీణ్ణి చంపితే వీడి దగ్గరే ఆగిపోతుందిరా! గుడ్డ విప్పితే వీడికేం వస్తుంది? కాయలు వీడివా? లారీ వీడిదా? కొట్టొద్దు. అడగండి!"

చేతులు దిగాయి. దిగడం కష్టంగా దిగాయి. జనం అన్న చుట్టూ నిలబడ్డారు.

"ఎవరు విప్పమన్నారు?" అంది పాలపిన్ని.

"ఎవరు విప్పమన్నారు?" అన్నాడు గుమాస్తా.

ట్రైనీలు అందుకున్నారు, వంటవాళ్లు, హమాలీలు అందుకున్నారు. అది నినాదం కాదు, ప్రశ్న. అందరిదీ ఒకే ప్రశ్న. గేటు బయట రోడ్డున పోయేవాళ్లు కూడా ఆగి లోపలికి తొంగిచూస్తున్నారు.

"ఏమయ్యా మేనేజరూ," డైరెక్టరు వరండాలో నుంచే, మెత్తగా, దగ్గరి మనిషితో మాట్లాడినట్టు అన్నాడు. "కంగారులో ఏదో ఒకటి అనేయకు. ఇంట్లో పిల్లలున్నారు. లాయరుతో మాట్లాడాక చెబుదువుగాని. నేనున్నాను కదా."

"లాఠీ ఛార్జ్ చేయాల్సొస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానిస్టేబుళ్లు రెండడుగులు ముందుకి వేశారు. కూర్చున్నవాళ్లు చేతులు కలిపి గొలుసు కట్టారు. కదల్లేదు.

అన్న చెల్లెలి వైపు చూశాడు. ఆమె లారీ మెట్టు మీద నుంచి దిగలేదు, చూపు తిప్పుకోలేదు. ఆ కళ్లలో కోపం ఉంటే అతనికి సులువుగా ఉండేది. కోపం లేదు. చిన్నప్పుడు ఇస్త్రీబండి బరువుకి తను తూలితే, ఆమె వెనక నుంచి ఆనించి పట్టుకున్నప్పటి చూపే అది.

మైకు తల్లి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. అతని చెంప మీద రక్తం కారుతోంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

"చెప్పు నాయనా," అంది.

"సార్..." అని అన్న గొణిగాడు.

"వినపడటం లేదు."

"సరే సార్ అన్నాను. ఈ ఏడాదంతా సరే సార్, సరే సార్..." అన్న వరండా వైపు తిరిగాడు. మొదటి లాఠీ ఎక్కడో వీపు మీద పడిన చప్పుడు వినిపించింది. కూర్చున్నవాళ్లు ఒకరినొకరు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అన్న చెయ్యెత్తి వరండాలో ఉన్న మనిషికి నేరుగా వేలు చూపించాడు. గేటు దగ్గరున్నవాళ్లకి, రోడ్డు మీదున్నవాళ్లకి, జీపులో ఉన్న మాస్టారికి అందరికీ వినపడేలా, గొంతు చిరిగిపోయేలా అరిచాడు.

"విషం ఉందని చెప్పాను! చెప్పినా వినకుండా విప్పమన్నది నువ్వే! డైరెక్టరూ, నువ్వే!"